పిచ్చుకలకు వరి కుచ్చు కట్టాలంటే

జడ వేయడం వచ్చినవాళ్లెవరైనా వరి కుచ్చు, అంటే పిచ్చుకలు తినడానికి వేలాడదీసే వరి వెన్నుల జడ, అల్లేస్తారు. ఇప్పుడు కష్టమల్లా వెన్నులు సంపాదించడమే. మా గోదావరి జిల్లాల్లో కోతలు చాలావరకు మిషన్‌తోనే. అది చేలోకి దిగిందంటే గింజ ట్రాక్టర్లోకి, గడ్డి నేలమీదికి. నిండు వెన్ను ఒక్కటీ మిగలదు. అందుకని మిషన్ రాకముందే కొడవలి పట్టుకుని వెళ్లాలి. మడి మూలల్లో మిషన్ తిరగదు కాబట్టి అక్కడ ఎలాగూ చేత్తోనే కోస్తారు. ఆ రెండు పనలు ఇవ్వమంటే కాదనే రైతు నాకింతవరకు తగల్లేదు. సార్వాకి (ఖరీఫ్ పంటకి) నవంబరు, డిసెంబరుల్లో అడగాలి, దాళ్వాకి (రబీకి) ఏప్రిల్‌లో.

అడిగేటప్పుడే ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారో కూడా కనుక్కోండి. వరికి పట్టే దోమకని ఈమధ్యే కొట్టిన చేనైతే వద్దు. నేను తెచ్చేది స్వర్ణ రకం, అంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029. పిచ్చుకలకు రకంతో పనిలేదు, మా ఊళ్లో దొరికేది అది, అంతే.

వెన్ను కింద మూరెడు కాడ ఉండేలా కోయండి. కాడలో కాస్త పచ్చి ఉండాలి, బాగా ఎండితే అల్లుతుంటే గింజ రాలిపోతుంది. ఆకులు ఒలిచేసి, ఒక రోజు నీడన వాడనివ్వండి. పిడికెడు కాడలు మొదట్లో పురికొసతో కట్టి, మూడు పాయలు చేసి జడలా అల్లుతూ, ప్రతి మెలికకూ మూడు నాలుగు వెన్నులు కలుపుతూ పోవాలి. వెన్నులన్నీ ఒకవైపుకే వేలాడాలి. బారెడు జడ అయ్యాక గుండ్రంగా చుట్టి కట్టేస్తే కుచ్చు తయారు. కాడ విరుగుతుంటే తడిగుడ్డతో తుడవండి, నీళ్లలో మాత్రం ముంచొద్దు, బూజు పడుతుంది. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు కూడా పాత పేపర్లో చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు.

వసారాలో వాన జల్లు పడనిచోట, చేతికందనంత ఎత్తున, గోడకు దూరంగా సన్నటి తీగతో కట్టండి. పిల్లి దూకడానికి కింద అరుగో, బల్లో ఉండకూడదు. అక్కడ ఫ్యాన్ కూడా ఉండకూడదు. ఉడతలు వస్తాయి. రానివ్వండి, వాటితో పోట్లాడి గెలిచినవాళ్లు లేరు.

ఇంత చేసినా కుచ్చు పెద్ద పిచ్చుకలకే. గూట్లో పిల్లలకు కావలసింది పురుగులు. పెరట్లో మందార, గోరింట పొదలకు మందు కొట్టకుండా వదిలేస్తే తల్లిపిట్ట అక్కడే ఏరుకుంటుంది. గచ్చు చేయని మట్టి జాగా ఒక మూల ఉంచితే దుమ్ములో పొర్లాడతాయి. వేసవిలో వెడల్పాటి మట్టి మూకుట్లో రెండంగుళాల నీళ్లు పోసి రోజూ మార్చండి.

పెంకుటిళ్లు పోయి స్లాబులొచ్చాక గూటికి సందులే లేవు. మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని అట్టపెట్టెలు వేలాడదీస్తున్నారు గానీ, ఒక్క వానకే నానిపోతాయి. చెక్కపెట్టె చేయించండి. కన్నం అంగుళన్నర దాటొద్దు, దాటితే గోరింక దూరుతుంది.

గింజలన్నీ అయిపోయాక కుచ్చు వెంటనే తీసేయకండి, ఆ గడ్డిపోచలు గూటికి పీక్కుపోతాయి.