కారు ట్రెయిలర్ తగిలించే ముందు డోర్ తీసి స్టిక్కర్ చదవండి

డాలస్ నుంచి షార్లెట్‌కి ఇల్లు మారుతూ మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మా టయోటా హైలాండర్ వెనక ట్రెయిలర్ కట్టి, దాని మీద క్యామ్రీ ఎక్కించుకుని పోతాం. బండి 5,000 పౌండ్లు లాగుతుందట, క్యామ్రీ 3,400 లోపే కదా, టెన్షనే లేదు" అన్నాడు. లెక్క బాగానే ఉంది, ట్రెయిలర్‌కి కూడా బరువుంటుందన్న సంగతి ఒక్కటే మర్చిపోయాడు. ట్రెయిలర్లు అద్దెకిచ్చే యూ-హాల్ వాళ్ళ నాలుగు చక్రాల కారు ట్రెయిలర్ (ఆటో ట్రాన్స్‌పోర్ట్) ఖాళీగా ఉన్నప్పుడే 2,210 పౌండ్లు. రెండూ కలిపితే 5,610. హైలాండర్ పని అక్కడికక్కడే అయిపోయింది.

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించే ఒడిస్సీ, సియెన్నా మినీవ్యాన్లకి అయితే 3,500 తోనే సరి, కాబట్టి కారు ట్రెయిలర్ మాట ఎత్తకండి. మోడల్ పేరు చూసి కూడా నమ్మేయకూడదు, హోండా పైలట్‌లో టూ వీల్ డ్రైవ్‌కి 3,500 ఉంటే ఆల్ వీల్ డ్రైవ్‌కి 5,000 ఉంటుంది. పికప్‌లలో ఇంకా తేడా, ఇంజను, యాక్సిల్ గేర్ రేషియో, టో ప్యాకేజీ (ట్రెయిలర్ లాగడానికి కంపెనీ బిగించే అదనపు సామగ్రి) ఉందా లేదా అన్నదాన్ని బట్టి అదే ట్రక్కు అంకె వేలల్లో మారుతుంది. సేల్స్‌మన్ చెప్పింది, యాడ్‌లో చూసింది పక్కన పెట్టి మీ బండి మాన్యువల్‌లో మీ ఇంజనుకి రాసిన అంకె తీసుకోండి.

సరే, మావాడు ఫ్రెండ్ దగ్గర పికప్ అడిగి తెచ్చాడు. మాన్యువల్ ప్రకారం అది 9,000 దాకా లాగుతుంది. ఇక పర్లేదు అనుకుని పెట్టెలన్నీ వెనక బెడ్‌లో సర్దడం మొదలుపెట్టాడు. అసలు చిక్కు ఇక్కడే.

డ్రైవర్ డోర్ తెరిస్తే ఫ్రేమ్ మీద పసుపు గీతతో టైర్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువుకి మించకూడదని దాని మీద రాసి ఉంటుంది, అదే పేలోడ్. ఆ ట్రక్కుకి 1,400 పౌండ్లు. ట్రెయిలర్ ముందు భాగం హిచ్ (బండి వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప అమరిక) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, కూడా ఇందులోంచే పోతుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. మొత్తం ట్రెయిలర్ బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. 5,610లో 12 శాతం వేసుకున్నా దాదాపు 670. 1,400లో అది తీసేస్తే మిగిలేది 730. వాళ్ళు నలుగురూ కలిపి ఒక 480. ఇక సామానుకి మిగిలింది 250 పౌండ్లు, అందులోనే హిచ్ ఇనుము బరువు కూడా. వాడు బెడ్‌లో సర్దినవి అప్పటికే 400 దాటాయి, అందులో మా చెల్లెలు ఇండియా నుంచి మోసుకొచ్చిన వెట్ గ్రైండర్ ఒకటి! పెట్టెలు సగం దించి పార్సిల్‌లో పంపించాడు. అద్దెకిచ్చే వాళ్ళు మీ బండి మోడల్, ఎక్కించే కారు మోడల్ అడిగి కుదరకపోతే కాదంటారు, నిజమే, కానీ మీ బండిలో ఎంతమంది ఎక్కుతున్నారో, వెనక ఏం పెట్టారో వాళ్ళ కంప్యూటర్‌కి తెలియదు.

టంగ్ వెయిట్ తగ్గించేస్తే పోలేదా అంటారేమో, అది మరీ ప్రమాదం. ఎడ్లబండి నడిపిన వాళ్ళనడగండి, లోడు వెనక్కి పడితే నొగలు పైకి లేచి ఎడ్ల మెడకి పలుపు బిగుసుకుంటుంది, మరీ ముందుకి పడితే కాడి మెడ మీద కూర్చుంటుంది. ట్రెయిలర్‌దీ అదే సూత్రం. వెనక బరువైతే హైవే మీద తోక ఊపడం మొదలుపెడుతుంది, మరీ ముందైతే బండి వెనక భాగం కుంగి స్టీరింగ్ తేలిపోతుంది. అందుకే కారుని ముందుకే తిప్పి ఎక్కించండి, మామూలు కార్లలో ఇంజను ముందుంటుంది కాబట్టి బరువు కుదురుగా పడుతుంది.

తరువాత కిందకి వంగి హిచ్ చూడండి. బండి కింద బిగించిన చదరపు గొట్టం రిసీవర్, అందులో దూర్చే కడ్డీ బాల్ మౌంట్, దాని మీద ఉండే ఇనుప గుండు బాల్. రిసీవర్ మీద స్టిక్కర్‌లో గరిష్ఠ ట్రెయిలర్ బరువు, టంగ్ బరువు రెండూ ఉంటాయి, బాల్ మీద కూడా సైజు, బరువు చెక్కి ఉంటాయి. బండి, రిసీవర్, బాల్ మౌంట్, బాల్, వీటిలో ఏది తక్కువైతే అదే మీ లిమిట్. ఒకటింపావు అంగుళం రిసీవర్ ఉంటే అది సైకిళ్ళు తగిలించుకోడానికే అనుకోండి. బాల్ సైజు, కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ మూతి) మీద రాసిన సైజు ఒకటే కావాలి, చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ కూర్చున్నట్టే ఉంటుంది గానీ గుంత వస్తే ఎగిరి బయటపడుతుంది.

వైరింగ్ సంగతి త్వరగా చెప్తా. నాలుగు పిన్నుల ప్లగ్ లైట్లకే. ట్రెయిలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే ఏడు పిన్నుల ప్లగ్, బండిలోంచి ఆ బ్రేకుల్ని నడిపించే బ్రేక్ కంట్రోలర్ రెండూ కావాలి. అద్దెకిచ్చే కారు ట్రెయిలర్లలో మామూలుగా సర్జ్ బ్రేకులుంటాయి, మీరు బ్రేక్ వేయగానే ట్రెయిలర్ ముందుకు తోసుకొచ్చి ఆ తోపుతోనే తన బ్రేకు తనే పట్టుకుంటుంది, కాబట్టి వాటికి కంట్రోలర్ అక్కర్లేదు.

ఇదంతా కాగితం మీద లెక్క. నిజంగా తెలియాలంటే ట్రక్ స్టాపుల్లో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీదకి ఎక్కించండి. మనుషులు, సామానుతో బండి ఒక్కటే ఒకసారి, ట్రెయిలర్‌తో ఇంకోసారి. రెండోసారి బండి రెండు యాక్సిళ్ళ మీద పెరిగిన బరువే మీ అసలు టంగ్ వెయిట్. వెనక యాక్సిల్ అంకెని డోర్ దగ్గరున్న ఇంకో స్టిక్కర్‌లోని యాక్సిల్ లిమిట్‌తో పోల్చండి. మావాడిది లిమిట్‌కి 90 పౌండ్లు తక్కువ వచ్చింది, గ్రైండర్ దించకపోతే ఏమయ్యేదో మీరే చూసుకోండి.

బయల్దేరాక యూ-హాల్ వాళ్ళు చెప్పే 55 మైళ్ళ స్పీడ్ దాటకండి. ట్రెయిలర్ ఊగడం మొదలైతే బ్రేక్ తొక్కకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. మొదటి పది మైళ్ళ దగ్గర ఒకసారి పక్కన సురక్షితంగా ఆపి చక్రాల స్ట్రాప్‌లు మళ్ళీ బిగించండి, అవి వదులై ఉండొచ్చు.