న్యూమరికల్ ఎనాలిసిస్ సొంతంగా - 2వ పాఠం: ముందు ఏ బుక్ తెరవాలి

న్యూమరికల్ ఎనాలిసిస్ అంటే కచ్చితంగా తేలని లెక్కలకి దగ్గర విలువని అంకెల్లో రాబట్టడం. పోయిన పాఠంలో బైసెక్షన్ దగ్గర ఆపేం కదా, 2 వర్గమూలం కోసం 1కీ 2కీ మధ్య జాగాని ప్రతిసారీ సగం చేసి వెతుక్కుంటూ పది స్టెప్పులేస్తే మూడో దశాంశం దగ్గరికి వచ్చేం. దాని మీద డౌట్లు అడుగుతారనుకుంటే అందరూ "మాస్టారూ ఏ బుక్కు కొనమంటారు" అనే అడిగేరు. సరే, ఇవాళ అదే.

డిగ్రీలో నేను చేసిన పని చెప్తాను. విజయనగరం కోట దగ్గర జెరాక్స్ షాపులో ఇంపార్టెంట్ క్వశ్చన్లు తీయించుకుని న్యూటన్ ఫార్వర్డ్ ఫార్ములా (పట్టికలో ఇచ్చిన విలువల మధ్య లేని విలువని కట్టేది) నోటికి పట్టేసి పరీక్షకెళ్లిపోయేను, తీరా పేపర్లో చూస్తే x విలువలు 1, 2, 4, 7 అని ఉన్నాయి, గేప్ సమానంగా లేదు, సమానంగా ఉంటేనే ఆ ఫార్ములా అన్న ముక్క ఆ జెరాక్సుల్లో ఎక్కడా లేదు మరి. అయినా అదే కుక్కేసి వచ్చేను. అక్కడ గేప్ ఎలా ఉన్నా పనిచేసే లగ్రాంజ్ ఫార్ములా వాడాలని ఇంటికొచ్చేక తెలిసింది, ఏటి లాభం.

అందుకే మొదటి బుక్కు ఎస్.ఎస్. శాస్త్రి గారి 'ఇంట్రడక్టరీ మెథడ్స్ ఆఫ్ న్యూమరికల్ ఎనాలిసిస్' పెట్టుకోండి. అందులో మొదటి చాప్టరే ఎర్రర్స్ మీద, మనోళ్లు అందరూ దాటేసేది కూడా అదే. దాటొద్దు. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం, x² − 200x + 1 = 0. చిన్న రూటు 100 − √9999. ప్రతి స్టెప్పులో ఆరంకెలే ఉంచుకుంటాం అనుకోండి, √9999 అంటే 99.9950, తీసేస్తే 0.0050 మిగిలింది. ఆరంకెలతో మొదలెడితే చేతికొచ్చినవి రెండే! దగ్గర దగ్గరగా ఉన్న రెండు సంఖ్యల్ని తీసేస్తే ఇలాగే అవుద్ది. ఇప్పుడు అదే రూటుని 1 ÷ (100 + √9999) అని రాయండి, 1 ÷ 199.995, అంటే 0.00500013, ఆరంకెలూ నిలిచేయి. ఫార్ములాలో తప్పేం లేదు, రాసిన తీరులోనే తేడా.

ఇది బుర్రకెక్కితే రెండో బుక్కుకి వెళ్లొచ్చు, బర్డెన్, ఫెయిర్స్ రాసిన 'న్యూమరికల్ ఎనాలిసిస్'. లావుగా ఉంటాది, భయపడకండి, ప్రతి మెథడ్‌కీ అల్గారిదమ్ మెట్లు మెట్లుగా రాసిపెట్టుంటాది కాబట్టి పైథాన్ కొంచెం వచ్చినోళ్లు చూసి కొట్టుకోవచ్చు. సీఎస్ఐఆర్ నెట్‌కి (లెక్చరర్ అర్హత, రీసెర్చ్ ఫెలోషిప్ పరీక్ష) చదివేవాళ్లయితే జైన్, అయ్యంగార్, జైన్ బుక్కు పక్కనుంచుకోండి, అందులో లెక్కలు బోల్డు. కానీ మొదటి బుక్కుగా మాత్రం వద్దు, నా మటుకు అది చదివేది కాదు, చేసుకునేది. ట్రెఫెథెన్, బౌ రాసిన లీనియర్ ఆల్జీబ్రా బుక్కు 1997లో వచ్చింది, 40 లెక్చర్లు, చాలా బాగుంటాది గానీ మేట్రిక్సులు చేతిలో ఆడేదాకా ఆగండి.

అన్నీ ఒకేసారి కొనేసి అటక మీద పెట్టకండి బాబూ. ఒకటి చాలు, ఒక రఫ్ నోటు, ఒక కేల్కులేటర్.

హోంవర్క్. సైంటిఫిక్ కేల్కులేటర్‌లో 1 కొట్టి = నొక్కండి. తర్వాత (ఆన్సర్ + 2 ÷ ఆన్సర్) ÷ 2 అని, ఆన్సర్ అన్నచోట Ans మీట నొక్కుతూ టైప్ చేసి = నొక్కుతూ పొండి. 1.5, 1.416666667, 1.414215686, నాలుగో నొక్కుకి 1.414213562. మనం బైసెక్షన్‌లో పది స్టెప్పులు తిన్నాం, గుర్తుందా? ఇదే న్యూటన్-రాఫ్సన్ మెథడ్. ఇప్పుడు 1కి బదులు 0తో మొదలెట్టండి. మేథ్ ఎర్రర్ అంటాది. ఎందుకన్నాదో శాస్త్రి గారి రెండో చాప్టర్లో ఏ లైను చెప్తాదో వెతికి కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంచండి, వచ్చే పాఠం ఆ గీత దగ్గర్నుంచే.