మామిడి అట్టపెట్టెలు కూలుతున్నాయా? కారణాలు, పరిష్కారాలు

దామలచెరువు మండీ నుంచో, తిరుపతి చుట్టుపక్కల తోటల నుంచో బేనిషా కాయలు బయల్దేరాక పెట్టె పాడైతే, అందరూ ముందు అట్ట పలచనైందనే అనుకుంటారు. మూడు ప్లై (మూడు కాగితపు పొరల అట్ట) మాని ఐదు ప్లై కొనేముందు ఇవి చూడండి. సగం తంటాలు పేర్చడంలోనే ఉంటాయి.

దొంతరలో అడుగు పెట్టె కుంగింది

పది కిలోల పెట్టెలు ఎనిమిది ఒకదానిపై ఒకటి పెడితే అడుగుదాని మీద 70 కిలోలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం మోసేది నాలుగు మూలలే. గోడ నడిమి భాగం బరువు పడగానే వంగిపోతుంది. ఇటుకల్లా మార్చి మార్చి పేరిస్తే పై పెట్టె మూల సరిగ్గా ఆ నడిమి భాగం మీదికి వస్తుంది. మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేర్చండి. ఒరుగుతుందని భయమైతే పై వరసను మాత్రం అడ్డం తిప్పి తాడు కట్టండి. తాడు కోసుకుపోకుండా మూలలకు అట్టముక్కలు పెట్టండి.

తర్వాత అట్ట అంచు చూడండి. నాలుగు రెక్కలు మడిచే మామూలు పెట్టెలో గోడల లోపలి అలలు (పొరల మధ్య ముడతల కాగితపు గీతలు) నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే ఎన్ని ప్లైలున్నా నిలవదు, ఆ సరుకు తీసుకోకండి. మూత వేరుగా ఉండే పెట్టె వేరు. దాన్ని ఒకే షీటు మడిచి చేస్తే రెండు గోడల్లో అలలు అడ్డంగా రాక తప్పదు. అందుకే మూత అడుగుదాకా దిగే రకం కొనండి, గోడ రెండు పొరలవుతుంది.

కాయలు అంచుకన్నా ఉబ్బెత్తుగా నింపితే బరువు కాయల మీదే పడి నల్లమచ్చలొస్తాయి.

అడుగు ఊడింది

రెక్కలను ఒకదాని కిందికి ఒకటి దోపితే చాలదు. పొట్టి రెక్కలు ముందు, పొడుగువి తర్వాత మూసి, చీలిక పొడవునా 48 మిల్లీమీటర్ల టేపు వేయండి. అది రెండు వైపులా గోడ మీదికి ఆరేడు సెంటీమీటర్లు పాకాలి. దుమ్ము, సొన ఉన్నచోట టేపు పట్టదు, ముందు తుడవండి.

అట్ట మెత్తబడింది

పొరలను అంటించేది ఎక్కువగా పిండి జిగురే, తడికి వదిలేస్తుంది. గాలిలో తేమ 90 శాతానికి చేరితే పెట్టె బలం దాదాపు సగానికి పడిపోతుంది. సొన కడిగిన కాయలను ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే సర్దండి. పెట్టెలను రాత్రంతా సిమెంటు నేల మీద వదలకండి, కింద చెక్కలు వేయండి. అనుమానముంటే అట్ట మూల ఒకటి చీల్చి చూడండి. కాగితం పీచు లేస్తే జిగురు మంచిదే, తడి నుంచి కాపాడితే చాలు. పొర నున్నగా విడిపోతే జిగురు పట్టలేదు, ఆ లాటు మార్చమనండి.

కాయలు వేడెక్కి మెత్తబడ్డాయి

గాలి ఆడటం లేదు. గోడ వైశాల్యంలో సుమారు 5 శాతం రంధ్రాలుండాలి. అవి నిలువుగా సాగిన ఆకారంలో, మూలలకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. స్క్రూడ్రైవరుతో మూల దగ్గర పొడిచారంటే, బరువు మోసే చోటే గండి పడినట్టు. అందుకే రంధ్రాలున్న పెట్టెలనే ఆర్డరు చేయండి.