ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్లు ఎల్‌ఎల్‌ఎంకి ఎలా వెళ్లాలి?

ఒడిశా బరంపురంలోనైనా మహారాష్ట్ర సిరొంచలోనైనా ఎల్‌ఎల్‌బీ అయినవాళ్ల ఇంట్లో ఒక టెన్షన్: "పెద్ద లాయరు కావాలంటే ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) ఉండాలట కదా?" అక్కర్లేదు. ఎల్‌ఎల్‌బీ, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ పరీక్ష, ఈ మూడూ ఉంటే కోర్టులో వాదించవచ్చు.

ముందు ఎందుకు చదవాలో తేల్చుకోండి. లా కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా, పీహెచ్‌డీ చేయాలన్నా ఎల్‌ఎల్‌ఎం కావాలి. లెక్చరర్ కావాలంటే 55 శాతం మార్కులు, వాటితో పాటు లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్ చూసుకోవాలి. జడ్జి కావాలనుకునేవాళ్ల లెక్క వేరు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాళ్లు ముందు కోర్టు మెట్లెక్కడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత, మీరు ఎక్కడ లోకలో చూసుకోండి. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆంధ్ర, తెలంగాణల్లో ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష అయిన పీజీఎల్‌సెట్ సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన లోకల్ కారు, ఎక్కడ చదివారు, ఎక్కడ ఉన్నారన్నదే లెక్క. కులం సర్టిఫికెట్‌దీ ఇదే గొడవ. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఆ హక్కు రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబం కేసు అది. అందుకని రాయగడ, పర్లాకిమిడి వాళ్లు ఒడిశా నివాస పత్రాన్ని, గడ్చిరోలి వాళ్లు మహారాష్ట్ర డొమిసైల్ (నివాస) పత్రాన్ని అప్లికేషన్ కంటే ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక పరీక్ష. కటక్, నాగపూర్, విశాఖ, హైదరాబాద్ జాతీయ లా యూనివర్సిటీలకు వాటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ ఒక్కటే దారి. జనరల్‌కి ఎల్‌ఎల్‌బీలో 50 శాతం కావాలి. ప్రశ్నలు 120, సమయం 2 గంటలు, తప్పుకి పావు మార్కు పోతుంది. పేపర్ ఇంగ్లిషులోనే. తీర్పుల్లోంచి పేరాలు ఇచ్చి అడుగుతారు కాబట్టి గైడ్ల కంటే తీర్పులే చదవండి.

కోర్సు ఏడాదిదీ ఉంది, రెండేళ్లదీ ఉంది. ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఎల్‌ఎల్‌ఎం అని ఎవరైనా ఆశపెడితే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందా అని అడగందే డబ్బు కట్టొద్దు.

చివరి పని, డిసర్టేషన్‌కి, అంటే కోర్సులో రాయాల్సిన పరిశోధన వ్యాసానికి, అంశం వెతుక్కోవడం. ఇక్కడ మాత్రం సరిహద్దువాళ్లకే లాభం. రాయగడ, కోరాపుట్ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికొచ్చే గిరిజన ప్రాంతాలు. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలపై గ్రామసభలే తేల్చాలన్న 2013 సుప్రీంకోర్టు తీర్పు మన పక్క కొండలదే. బరంపురం, పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆనాటి భూమి కాగితాలు ఇంట్లో తెలుగులో ఉంటే అవీ పనికొస్తాయి. వాటిని చదవగలిగే పరిశోధన గైడ్ (ప్రొఫెసర్) కాలేజీలో దొరకకపోవచ్చు, పాత దస్తావేజు లేఖరి ఒకరిని ముందే పట్టుకోండి.