రేడియేటర్ మార్చే ముందు మూత చూడండి

కిందటి వేసవిలో మా 1992 నాటి మారుతి 800 వారానికి ఒక చెంబుడు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఒక గ్యారేజీకి తీసుకువెళ్ళాను. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్ కింద వేలు పెట్టి, తడి తగలగానే "ఇది పోయిందండీ, కొత్తది వేసేద్దాం" అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు ఓడల్లో పైపులు బిగించినవాణ్ణి. తడి ఉన్నచోటే చిల్లు ఉందని ఎవరైనా అంటే, మా ఫోర్‌మన్ అతణ్ణి ఆ పూటకు టీ తేవడానికి పంపేసేవాడు. నీరు పైన ఎక్కడో బయటపడుతుంది, ఇనుము వెంట జారుతుంది, అన్నిటికంటే కిందనున్న వస్తువు మీద నింద వేసి నేల రాలుతుంది. బండి తిప్పుకుని విశాఖ పెదవాల్తేరులోని ఇంటికి వచ్చేశాను.

మొదట ఒక జాగ్రత్త. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లనే. నా బండి మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే 0.9 బార్ ఒత్తిడి. అంత ఒత్తిడిలో ఉత్త నీరు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. మూత తిప్పారా, ఆ నీరంతా పొంగి ఆవిరితో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వచ్చే పై గొట్టాన్ని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా వేళ కాలేదు. నేనైతే రాత్రి బండి ఆపితే, తెల్లవారి కాఫీ అయ్యాకే మూత జోలికి వెళతాను.

ఆ రాత్రే బండి కింద పాత దినపత్రికలు పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో వాటి మీద గీయండి. పొద్దున మరకను చూసి అది ఏ భాగం కిందిదో చెప్పవచ్చు. విశాఖలో దీనికి ఒక చిక్కుంది. ఈ ఉక్కలో ఏసీ వేసుకుని ఇల్లు చేరితే బండి కింద చిన్న మడుగే కడుతుంది. అది ఉత్త నీరు, వేళ్ళ మధ్య రుద్దితే ఏమీ అంటదు. ఇంజన్ చల్లబడడానికి రేడియేటర్‌లో పోసే రంగు ద్రవం, కూలెంట్, అలా కాదు. జిగురుగా ఉంటుంది, పచ్చగానో ఎర్రగానో రంగు వదులుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. నాలుక మీద మాత్రం పెట్టకండి, విషం. ఇన్నాళ్ళూ బోరు నీళ్ళే పోస్తూ వచ్చినవారికి ఈ పరీక్ష పనిచేయదు. వారు ముందు కాస్త కూలెంట్ కలిపి రెండు రోజులు తిరగాలి.

తరువాత టార్చిలైటు పట్టుకుని పై నుంచి కిందికి వెతకండి. కింది నుంచి పైకి కాదు. కారి ఎండిన చోట తెల్లటి లేదా పచ్చటి పొర కడుతుంది, పాకం ఒలికి ఆరినట్టు. ఆ చార ఎక్కడ మొదలైందో అక్కడ ఆగండి.

నేను మూతతో మొదలుపెడతాను. దాని రబ్బరు మెత్తగా ఉండాలి, స్ప్రింగు వేలికి ఎదురుతిరగాలి. నడుమ బొత్తాం లాంటి చిన్న కవాటం ఉంటుంది. ఇంజన్ చల్లారేటప్పుడు పక్క డబ్బాలోని నీటిని వెనక్కి పీల్చుకునేది అదే. అది బిగుసుకుపోతే పొద్దుటికి పై గొట్టం చప్పిడి బుగ్గలా లోపలికి పోయి ఉంటుంది. నా మూత రబ్బరు అప్పడంలా ఎండిపోయింది. ఒత్తిడి నిలవక నీరు డబ్బాలోకి, డబ్బాలోంచి రోడ్డు మీదికి పోతోంది. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీది అంకెనే అడగండి. ఎక్కువ అంకె ఉన్నది పెడితే బలమని కొందరు అనుకుంటారు. ఆ బలానికి ముందు విచ్చుకునేవి పాత అతుకులే.

గొట్టాలు పగిలేది ఎక్కువగా చివర్లలో, క్లిప్పు కింద. నొక్కితే పటపటమన్నా, మరీ మెత్తగా ఉబ్బినా మార్చేయండి. లీకు ఆగుతుందని క్లిప్పును బలం కొద్దీ బిగిస్తే అదే రబ్బరును కోస్తుంది. ఆ తరువాత వాటర్ పంపు. బెల్టు తిప్పే పుల్లీ వెనుక, పంపు అడుగున ఒక సన్నని రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే తెలియడానికే దాన్ని పెట్టారు. అక్కడ బొట్టు కనిపిస్తే రంధ్రాన్ని మూయకండి, పంపు మార్చండి.

కొన్ని లీకులు బయటికి కనిపించవు. ముందు సీటు దగ్గర కాళ్ళ కింది తివాచీ తడిస్తే వానలో తడిసిందనుకుంటాం, అది హీటరు నుంచి కారిన కూలెంట్ కావచ్చు. మన ఊళ్ళో హీటరు ఎవరూ వేయరు కాబట్టి దాని గొట్టాలను ఎవరూ చూడరు. పొగ గొట్టం నుంచి ఆగకుండా తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి వస్తున్నా, చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే రేడియేటర్ నోట్లో బుడగలు వరుసగా లేస్తున్నా అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే సీలు మీదికి పోవాలి. అది ఇంటి పని కాదు.

ఇక పసుపు సంగతి. లారీ డ్రైవర్లు చారెడు పసుపు రేడియేటర్‌లో వేసి లీకు ఆపుతారు. అది పనిచేయదని నేను అనను. ఒకసారి అరకు నుంచి వస్తూ అనంతగిరి ఘాట్‌లో నా బండి కారడం మొదలుపెడితే, ఎదురైన లారీ అబ్బాయి ఇచ్చిన పసుపే శృంగవరపుకోట దాకా దించింది. కానీ చిల్లును పూడ్చే పసుపు రేడియేటర్‌లోని సన్నని గొట్టాలనూ పూడుస్తుంది. సీసాల్లో అమ్మే లీకు మందులు కోటు తొడిగిన పసుపు. ఇల్లు చేరడానికి వాడండి, చేరాక కడిగేయండి.

కొత్త మూత పెట్టాక నా బండి దాహం సగానికి తగ్గింది గానీ పోలేదు. అప్పుడే రేడియేటర్ విప్పాను. బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి, ఫ్యాను తీగ ఊడదీయండి, అడుగున ఉన్న మర తిప్పి కూలెంట్‌ను బకెట్టులోకి వదలండి. మర లేకపోతే కింది గొట్టం లాగాలి. బకెట్టు మీద వెంటనే మూత పెట్టండి, తియ్యగా ఉంటుంది కాబట్టి వీధికుక్కలు నాకి చస్తాయి. కాలవలోనూ పోయకండి. ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. గొట్టాలు, బోల్టులు తీశాక రేడియేటర్ నిటారుగా పైకి వస్తుంది.

ఇక్కడి నుంచి సైకిల్ పంక్చరు పనే. ఒక మూతిని చెక్క బిరడాతో బిగించి, రెండో మూతిలో పాత సైకిల్ ట్యూబు వాల్వు గుచ్చిన రబ్బరు బిరడా పెట్టి క్లిప్పు వేశాను. రేడియేటర్‌ను నీళ్ళ తొట్టెలో ముంచి, మీటరు ఉన్న కాలి పంపుతో 13 పీఎస్ఐ దాకా గాలి కొట్టాను. మూత మీది 0.9కి టైరు లెక్కలో అదే. కంప్రెసర్ జోలికి పోకండి, మంచి రేడియేటర్‌నూ చీల్చేస్తుంది. కింది తొట్టె అతుకు దగ్గర సన్నని బుడగల దండ లేచింది. తడి మీద సుద్ద నిలవదు, అందుకని ఆ చోట రేకుకు నూలుదారం కట్టాను.

నాది ఇత్తడి తొట్టెల రేడియేటర్, మాటు పడుతుంది. వెనకటికి ఇత్తడి గిన్నెలకు మాటు వేసినట్టే, లోహం తళతళలాడే దాకా గీకి, ఆమ్లం పూసి, తగరం కరిగించాలి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే పక్క అతుకు ఊడుతుంది. నాకు చేయి తిరిగిన పనే అయినా కళ్ళు సహకరించక గాజువాకలో రేడియేటర్లు బాగుచేసేవారి దగ్గరికి వెళ్ళాను. దారం చూసి ఆయన నవ్వాడు. అల్యూమినియం మధ్యభాగానికి ప్లాస్టిక్ తొట్టెలున్న రకమైతే, పగిలిన ప్లాస్టిక్‌కు ఏ జిగురూ ఎక్కువ కాలం నిలవదు, మార్చడమే. సముద్రపు ఉప్పుగాలికి రేకులు చేయి తగిలితే పొడిగా రాలుతున్నా అంతే. అప్పుడు ఆ మెకానిక్ మాటే నిజం.

తిరిగి బిగించాక డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ చెరిసగం పోయండి. కలిపి అమ్మేదైతే మళ్ళీ నీళ్ళు కలపకండి. ఇక్కడ గడ్డకట్టే చలి లేదుగా, కూలెంట్ ఎందుకంటారు. తుప్పు పట్టకుండా. హీటరు మీట వేడి వైపు పెట్టి, మూత తీసి ఇంజన్ నడపండి. పై గొట్టం వేడెక్కే దాకా బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. లోపల గాలి చిక్కితే, నీరు తగ్గితే ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లును నమ్మకూడదు. సెన్సర్‌కు నీరు తగలకపోతే ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు కిందనే కూర్చుంటుంది.

పరీక్షకు ఏసీ వేసుకుని సింహాచలం కొండ ఎక్కాను. ముల్లు సగం దాటలేదు. ఆ రాత్రి మళ్ళీ పత్రికలు పరిచాను. పొద్దున చూస్తే క్రీడల పేజీ నడుమ ఒక తడి మరక. గుండె జారింది. వేళ్ళ మధ్య రుద్ది చూశాను, జిగురు లేదు. ఏసీ నీళ్ళు.