బడ్జెట్‌లో మీ బడి డబ్బులు వెతకడం ఎలా

బడ్జెట్ రోజు టీవీలో "విద్యకు ఇన్ని వేల కోట్లు" అని స్క్రోలింగ్ రాగానే సంబరపడిపోకండి. 2025-26లో తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. యూనివర్సిటీల వాటా కూడా అందులోదే, బడుల డబ్బులో సింహభాగం జీతాలకే. అవి ఎలాగూ ఇవ్వాల్సిందే. మీ బస్తీ బడిలో చెడిపోయిన మోటారు, ఊడిన బాత్రూమ్ తలుపు బాగయ్యేది మిగిలిన చిన్న ముక్కతోనే.

ఆర్థికశాఖ వెబ్‌సైట్‌లో బడ్జెట్ పీడీఎఫ్‌లు ఉంటాయి. విద్యాశాఖ పద్దు తెరిచి 2202 అని వెతకండి, రోజువారీ ఖర్చంతా దాని కిందే, అందులో 01 ప్రాథమిక విద్య, 02 సెకండరీ. బిల్డింగులు కావాలంటే 4202. ప్రతి లైన్ పక్కనా నాలుగు అంకెలు కనిపిస్తాయి: రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, పోయినేటి అంచనా, సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. అందరూ చివరిది చదువుతారు, నన్నడిగితే మొదటిదే చూడాలి. దాన్ని ఆ ఏటి పాత బడ్జెట్‌లో రాసిన కేటాయింపు పక్కన పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

కేటాయించినంత మాత్రాన డబ్బు చేతికి రాదు, ఆర్థికశాఖ విడుదల చేయాలి. రాబడి తగ్గితే జీతాలు ఆపలేరు కాబట్టి కోత పడేది రిపేర్లకు, బిల్డింగులకు. సమగ్ర శిక్షలో, అంటే బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకంలో, కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. రాష్ట్రం తన వాటా వేయడం లేటైతే కేంద్రం తర్వాతి విడత కూడా ఇరుక్కుంటుంది.

స్కూలుకొచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. సమగ్ర శిక్ష లెక్కలో 31 నుంచి వంద మంది దాకా 25,000, వంద దాటితే 50,000. ఒక్క అడ్మిషన్‌తో రెట్టింపు! అందుకే యూడైస్‌లో (బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్క) మీ బడి పిల్లల సంఖ్య సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోండి.

తర్వాత హెచ్ఎం సార్‌ని గానీ మేడమ్‌ని గానీ కలిసి, ఈ ఏడాది గ్రాంటు ఎంత పడింది, ఏ నెలలో పడిందని మర్యాదగా అడగండి (చాలామంది చాక్‌పీసులకు సొంత జేబులోంచి పెట్టుకుంటారు, వాళ్ల మీద అరిచి లాభం లేదు). మార్చి ఆఖర్లో పడితే ఖర్చు పెట్టే టైమెక్కడిది? జవాబు దొరక్కపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. మంజూరు, విడుదల, ఖర్చు, మిగులు నాలుగూ తేదీలతో సహా అడగండి.

ఎమ్మెల్యే దగ్గరికి మాత్రం బడ్జెట్ పాసయ్యాక కాకుండా శాఖలు ప్రతిపాదనలు తయారు చేసుకునే రోజుల్లోనే వెళ్లండి.