మూడు అల్లికలు, ఒక కదురు: చలి ముదిరేలోపు అన్నీ తెమలాలంటే

వినాయక చవితి వెళ్ళగానే అల్లేవాళ్ళ ఇళ్ళలో ఊలు సంచులు బయటికొస్తాయి. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నవాళ్ళకి అప్పటికే సాయంత్రాలు చల్లబడుతుంటాయి. ఆదిలాబాదు, అరకు వైపు ఇంకో రెండు నెలల గడువుంటుంది. ఎక్కడైనా జరిగేది ఒకటే: ఒక స్వెటర్, ఒక జత సాక్సులు, ఎవరికో ఇస్తామన్న టోపీ, వడకాల్సిన ఉన్ని, అన్నీ ఒకేసారి నెత్తికెక్కుతాయి. నాలుగు పనులు పెట్టుకోవడం తప్పేం కాదు. చేతులకి మార్పు దొరుకుతుంది, ఒకే కదలికతో మణికట్టు నొప్పి పుట్టదు. పని చెడేది చేస్తున్నప్పుడు కాదు. పక్కన పెట్టి, పది రోజులయ్యాక మళ్ళీ చేతిలోకి తీసుకున్నప్పుడు. ఏ సైజు సూది, ఎన్నో వరస, నూలుకి ఎంత పురి (మెలి) అన్నవి అప్పటికి గుర్తుండవు. అందుకే ఇక్కడ పని ఆపే పద్ధతి గురించే ఎక్కువగా చెబుతున్నాం.

ముందు లెక్క

చేత్తో వడికిన ఊలుతో ఏదైనా అల్లాలనుకుంటే ఆ వడుకే అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి. వడికి, పేటలు కలిపి (ఒంటి పోగులు రెంటిని కలిపి మెలేసి), ఉతికి, ఆరబెట్టాక గానీ నమూనా ముక్క కూడా అల్లలేం. ఒక మఫ్లర్‌కి 200 గ్రాముల ఊలు కావాలనుకుందాం. తరుగు పోతుంది కాబట్టి 220 గ్రాముల ఉన్ని తీసుకోవాలి. 100 గ్రాములకి 200 మీటర్లు వచ్చే రెండు పేటల ఊలైతే మొత్తం 400 మీటర్లు, అంటే ఒంటిపేట 800 మీటర్లు. పేటలు కలిపినప్పుడు కొంత పొడవు తగ్గుతుంది కనుక నిజానికి ఇంకాస్త ఎక్కువే. కదురు మీద గంటకి 60 మీటర్లు తీసే చేతికి ఇది 13 గంటలు దాటుతుంది. పేటలు కలపడానికి మరో నాలుగైదు గంటలు. మీ వేగం తెలియకపోతే అరగంట వడికి, ఆ నూలుని ఒక పెద్ద పుస్తకానికి చుట్టి, చుట్లు లెక్కపెట్టి, పుస్తకం చుట్టుకొలతతో గుణించండి.

స్వెటర్‌కీ ఇదే తరహా. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 28 వరసలు వచ్చే గేజ్‌లో 100 సెంటీమీటర్ల ఛాతీకి చుట్టుకి 200 కుట్లు. చంకల దాకా 40 సెంటీమీటర్లంటే 112 చుట్లు, అంటే 22,400 కుట్లు. నిమిషానికి 25 కుట్లు వేస్తే 15 గంటలు. చేతులూ భుజాల భాగమూ కలిపి ఇంకో ఇరవై గంటలు వేసుకోండి. రోజుకి గంట చొప్పున వారానికి ఐదు రోజులు కూర్చుంటే ఏడు వారాలు. సెప్టెంబరు మొదట్లో ఎక్కించిన స్వెటర్ అక్టోబరు మూడో వారానికి సూది దిగుతుంది. ఈ లెక్క చూశాక చాలామంది ఒక పనిని జాబితాలోంచి తీసేస్తారు. అది మంచిదే. సూదుల మీద మూడు, కదురు మీద ఒకటి. అంతకు మించితే ఏదీ తెమలదు.

మూడింటిలో ఒకటే బుర్ర పెట్టాల్సినది కావాలి. అది పగటి వెలుతురులో చేసే పని. నల్ల ఊలో ముదురు నీలమో అయితే రాత్రి దీపం కింద అసలు ముట్టుకోవద్దు, జారిన కుట్టు కనబడదు. మిగతా రెండూ బస్సులోనో ఆసుపత్రి వరండాలోనో చేసుకోగలిగేవి: సాక్సు పైభాగం, సాదా టోపీ. సాక్సు మడమ మాత్రం ఇంట్లోనే చెయ్యాలి. 64 కుట్ల సాక్సుకి 32 కుట్ల మీద 32 వరసల మడమ పలక అల్లి, మడమ తిప్పాక 18 కుట్లు మిగులుతాయి. రెండు అంచుల్లో 16 చొప్పున ఎత్తుకుంటే, పాదం పైభాగం 32తో కలిపి 82. చుట్టు విడిచి చుట్టుకి రెండేసి తగ్గిస్తూ తొమ్మిది తగ్గింపులకి మళ్ళీ 64కి రావాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది ఇక్కడే.

అల్లిక ఆపేటప్పుడు

వరస మధ్యలో ఆపకండి. తప్పనిసరై ఆపితే, మళ్ళీ పట్టుకునేటప్పుడు ఉండ నుంచి వచ్చే ఊలు ఏ సూది మీది కుట్టుకి తగులుకుని ఉందో చూడండి. ఆ సూది కుడిచేతిలోకి రావాలి. తారుమారైతే వెనక్కి అల్లుకుంటూ పోతారు. ఒక పక్క రెండు వరసలు ఎత్తు పెరిగి, తిరిగిన చోట చిన్న కన్నం పడుతుంది. నాలుగు వేళ్ళ మేర అల్లాక గానీ ఆ సంగతి కంటపడదు.

సంచిలో ఒక అట్టముక్క ఉండాలి. దాని మీద సూది సైజు మిల్లీమీటర్లలో, సూది వెదురుదా స్టీలుదా, గేజ్, పూర్తయిన వరస సంఖ్య, తర్వాత చెయ్యాల్సిన పని. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ‘46వ వరస అయింది, 47లో రెండు పక్కలా తగ్గింపు’ అని రాసిపెడితే నెల తర్వాతైనా నిమిషంలో మొదలుపెట్టొచ్చు. సూది దేనితో చేసిందో రాయడం అతి జాగ్రత్తలా కనబడుతుంది గానీ, వెదురు మీద ఊలు పట్టి నిలుస్తుంది, స్టీలు మీద జారుతుంది. సైజు ఒకటే అయినా కుట్టు బిగువు మారుతుంది. గేజ్ 20 నుంచి 22కి జరిగితే ఆ 200 కుట్ల స్వెటర్ 100 సెంటీమీటర్లకి బదులు 91 దగ్గర ఆగుతుంది. ఎవరికోసం అల్లారో వాళ్ళకి సరిపోదు.

వేరే పనికి సూది కావలసి వస్తే కుట్లన్నిటినీ మందపాటి నూలు దారం మీదికి దింపి, రెండు కొసలూ ముడెయ్యండి. నెలకి మించి ఆగే పనికైతే సూది ఖాళీ కాకపోయినా ఇలా దింపడమే మేలు. సూది మీదే ఉండిపోతే ఆ వరస సాగి, గీత పడుతుంది. జాలీ డిజైను అయితే పర్ల్ వరస (ఉల్టా కుట్ల వరస) పూర్తయ్యాకే ఆపి, సన్నటి తెల్ల నూలు దారం కుట్లన్నిటిలోంచి దూర్చి వదలండి. లైఫ్‌లైన్ అంటారు దీన్ని. కింద ఎక్కడ తప్పు దొర్లినా అంతవరకే విప్పుకోవచ్చు. ఈ దారం, కుట్ల లెక్క కోసం సూదికి తొడిగిన గుర్తు రింగుల్లోంచి పోకుండా చూడండి, పోతే రింగు అక్కడే ఇరుక్కుంటుంది.

కదురు ఆపేటప్పుడు

అల్లికలో మరిచిపోయినది లెక్కపెట్టుకుని తెలుసుకోవచ్చు. వడుకులో అలా కుదరదు. పది రోజుల కిందట ఎంత సన్నం తీశారో, ఎంత పురి పెట్టారో చేతికి గుర్తుండదు. మొదటి కండె సన్నగా, చివరిది లావుగా రావడం అందువల్లే.

మొదటి రోజే నమూనా అట్ట చేసుకోండి. వడుకు కుదిరాక, అప్పుడే తీసిన నూలు కదురు దగ్గర మూరెడు వదులు చేసి, మధ్యకి మడిచి వదిలెయ్యండి. అది తనంతట తానే మెలితిరిగి రెండు పేటల దారమవుతుంది. పేటలు కలిపాక మీ ఊలు ఇంచుమించు అలాగే ఉంటుంది. నచ్చితే దాన్ని ముడేసి అట్టకి అంటించండి, పక్కనే జానెడు ఒంటిపేట కూడా. కూర్చున్న ప్రతిసారీ మొదటి పని, కొత్తగా రెండు మూరలు వడికి అట్టతో పోల్చడం. పోలికకి అప్పుడే తీసిన నూలే వాడాలి. రాత్రంతా కదురు మీదున్న నూలు మడిచినా అంతగా తిరగదు. పురి ఎక్కడికీ పోలేదు, సర్దుకుంది, అంతే. ఇది తెలియక అదనంగా పురి ఎక్కించి, బిరుసు తాడులాంటి ఊలు తెచ్చుకునేవాళ్ళున్నారు.

అట్ట మీద బాణం గుర్తు కూడా వెయ్యండి. ఒంటిపేట గడియారం ముల్లు తిరిగే దిక్కున, పేటలు కలపడం దానికి ఎదురు దిక్కున. ఒక కండె పొరపాటున ఎదురు దిక్కున వడికి ఉంటే, కలిపేటప్పుడు ఒక పేట పురి విప్పుకుని తెగిపోతుంది, రెండోది ఇంకా బిగుసుకుని ఉంగరాలు తిరుగుతుంది. ఆ రెంటినీ కలపడానికి ఉపాయం లేదు.

మొదలుపెట్టే ముందే ఉన్నిని వంటింటి తూకం మీద 25 గ్రాముల పొట్లాలుగా విడగొట్టి 1, 2, 3 అని రాసుకోండి. పేటలు కలిపేటప్పుడు మొదట వడికిన కండెని చివర వడికినదానితో జతచెయ్యండి. వారాల తేడాలో వచ్చిన లావు సన్నాలు చిలప (ఊలు చుట్ల కట్ట) మొత్తంలో సర్దుకుంటాయి. అల్లేటప్పుడు కూడా రెండు చిలపలు దగ్గర పెట్టుకుని, దీంతో రెండు వరసలు దాంతో రెండు వరసలు అల్లితే అతుకు కనబడదు.

ఆపేటప్పుడు కదురుని నూలు మీద వేలాడదీసి వదలొద్దు. మిగిలిన నూలంతా చుట్టేసి, కొక్కేనికి ఒక మెలి వేసి, ఉన్నిని గుడ్డలో వదులుగా చుట్టండి. అదిమితే పోచలు అతుక్కుపోయి లాగుడుకి రావు.

పత్తీ ఉన్నీ రెండూ వడికేవాళ్ళు ఒకే పూట అటూ ఇటూ మారకపోవడం మంచిది. ఉన్ని పోచ పొడుగు, తక్కువ పురితో నిలుస్తుంది. పత్తి పోచ రెండు మూడు సెంటీమీటర్లే, చాలా పురి కావాలి. తకిలీని (పత్తి వడికే చిన్న కదురుని) కొబ్బరి చిప్పలో ఆనించి తిప్పాలి, గాల్లో వదిలితే దాని బరువుకే నూలు తెగుతుంది. ఉన్నికి అలవాటుపడ్డ చెయ్యి పత్తి ఏకుని కూడా అలాగే లాగేస్తుంది. మారినప్పుడు మొదటి ఐదు నిమిషాల నూలు పారేసేదే అనుకోండి. గాలిలో తేమ ఉంటే పత్తి నూలు గట్టిపడుతుంది కాబట్టి వానలు వెనకబట్టే రోజుల్లో పత్తి, గాలి పొడిబారాక ఉన్ని పెట్టుకోవచ్చు. హీటరు వేసిన ఇళ్ళలో ఉన్ని పోచలు ఎగిరి చేతికి అంటుకుంటుంటే, చేతులు కాస్త తడిచేసుకుంటే చాలు.

తెలంగాణలో దొరికే నల్ల దక్కనీ గొర్రెల ఉన్ని చూసి స్వెటర్‌కి ఆశపడకండి. గొంగడికి అదే సరైనది. నేశాక చింతగింజల గంజి పట్టించి దాన్ని ఇంకా గట్టిపరుస్తారు. ఒంటికి తగిలితే మాత్రం గుచ్చుతుంది. వడకడం నేర్చుకోవడానికీ, సంచులకీ, కింద వేసుకునే పట్టాలకీ బాగుంటుంది. మందల దగ్గర నేరుగా కొన్న ఉన్నిని మిగతా ఊలు పక్కన పెట్టే ముందు గాలి చొరని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పొద్దు, నీరు పడుతుంది. చిమ్మట గుడ్లు ఒక సంచిలో ఉంటే వాటి పురుగులు నాలుగు పనులకీ పాకుతాయి.

తడి పని

వడికిన చిలపని నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. రుద్దకూడదు. జాడించే నీళ్ళు కూడా అదే వేడిలో ఉండాలి, వేడి నుంచి చన్నీళ్ళకి మార్చి పిసికితే ఉన్ని ముద్ద కడుతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన వేలాడదీయండి. ఉతికాక ఊలు ఉబ్బుతుంది కనుక నమూనా ముక్క ఆ తర్వాతే అల్లాలి, ఆ ముక్కని కూడా తడిపి ఆరబెట్టాకే కొలవాలి.

పూర్తయిన స్వెటర్‌ని దండెం మీద వెయ్యకండి, నీటి బరువుకి సాగుతుంది. మంచం మీద తువ్వాలు పరిచి, కొలతకి సర్ది, ఫ్యాను కింద వదలండి. వాన ముసురుంటే ఆరడానికి మూడు రోజులు పట్టొచ్చు. ఎవరికైనా ఇచ్చేదైతే చివరి కుట్టు కనీసం వారం ముందే పడేలా చూసుకోండి.